అసలు కార్డు వచ్చేదాకా...

గ్రాఫిక్స్ కార్డు విషయంలో మనవాళ్ళ దగ్గర రెండే సలహాలు దొరుకుతాయి. మొదటిది "కొంటే మంచిదే కొను, లేదా ఊరుకో". రెండోది "ఇంకో ఆర్నెల్లు ఆగు, కొత్తవి వస్తున్నాయి". రెండూ చెప్పేవాడికి సుఖంగానే ఉంటాయి. వినేవాడి ఇంట్లో మాత్రం అప్పటికే మానిటర్ నల్లమొహం వేసుకుని కూర్చుని ఉంటుంది. ఆ ఆర్నెల్లూ దేంతో నెట్టుకురావాలో ఒక్కడూ చెప్పడు. ఈ టపా ఆ ఆర్నెల్ల గురించి.

నా వాదనేంటో ముందే చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేసుకోవచ్చు :) తాత్కాలిక కార్డు ఎంచుకునేటప్పుడు మనం చేసే పనేంటంటే, మనసులో ఉన్న పెద్ద కార్డుకి చిన్న తమ్ముడెవడా అని వెతకడం. పెద్దదాని డబ్బులో సగం పెట్టి సగం కార్డు తెచ్చుకుంటాం. దాంతో పెద్దదానికి డబ్బు చాలదు, చిన్నదానితో తృప్తి ఉండదు. అలా కాదు, అద్దిల్లు వెతికినట్టు వెతకాలి. సొంతిల్లు కట్టుకునేదాకా ఉండబోయే కొంపకి ఇటాలియన్ మార్బుల్ ఉందా అని ఎవరూ అడగరు. నీళ్ళొస్తాయా, ఆఫీసు ఎంత దూరం, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు తిరిగిస్తాడా... ఈ మూడే. కార్డుకీ ఈ మూడే.

ఇదంతా గాల్లోంచి రాయట్లేదు. మాది కర్నూలు పక్కన ఓర్వకల్లు. ఉద్యోగం హైదరాబాదులో, వారంలో కొన్నాళ్ళు ఇంటి నుంచే పని, కుదిరినప్పుడల్లా ఊళ్ళో ఉంటాను. ఓర్వకల్లంటే తెలియనివాళ్ళకి నంద్యాల రోడ్డు మీద కనిపించే రాళ్ళ తోట చెబితే గుర్తొస్తుంది. 2021 మార్చిలో మొదలైన కర్నూలు విమానాశ్రయం కూడా మా ఓర్వకల్లు దగ్గరే. మా అక్కావాళ్ళు ఇక్కడే ఉంటారు. మేనకోడలు ఇంజినీరింగు ఆఖరేడు. పత్తి ఆకు ఫొటో చూసి ఏ తెగులో చెప్పే ప్రాజెక్టు చేస్తోంది. చేలల్లో తిరిగి తనే తీసిన ఫొటోలు ఆరేడు వేలున్నాయి. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం వాళ్ళింట్లో కంప్యూటర్ కార్డు పోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, తెర మీద మాత్రం ఏమీ లేదు. కర్నూల్లో బాగుచేసేవాడికి చూపిస్తే, చిప్పే పోయిందన్నా, దీని మీద డబ్బు పెట్టొద్దు అన్నాడు. ఆ మాట నిజాయితీగా చెప్పేవాళ్ళు కూడా తక్కువే, అతనికి దండం.

మా అక్క ఏమందంటే, "సంఘంలో లోను తీసుకుంటా రా, ఆ పదారు జీబీదేదో ఇప్పుడే తెప్పియ్. పిల్ల చదువు ఆగకూడదు." ఓర్వకల్లు పొదుపు సంఘాలకి పేరున్న ఊరని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళు ముప్ఫయ్యేళ్ళుగా రూపాయి రూపాయి కూడబెట్టి, అప్పు తెచ్చి, కంతు తప్పకుండా కట్టి నిలబెట్టుకున్న వ్యవస్థ అది. ఆ లోనుతో గేదె కొంటారు, కుట్టుమిషను కొంటారు, కొట్టు పెడతారు. గేదె పాలిస్తుంది, కంతు కడుతుంది. గ్రాఫిక్స్ కార్డు రేటు మాత్రం బిల్లు కొట్టిన మర్నాటినుంచే దిగడం మొదలుపెడుతుంది. అందుకే అక్క మాట దగ్గర నాకు గుండె గుబిల్లుమంది. అసలు సమస్య ఏ కార్డు మంచిదన్నది కాదు. తొందరలో తీసుకున్న నిర్ణయానికి పన్నెండు కంతులు ఎవరు కడతారన్నది.

మా బావదింకో దారి. "మనూర్లోనే చిప్పుల ఫ్యాక్టరీ వస్తాదంట గదప్పా, అంతవరకు ఆగితే పోలా?" బావ ఎకసెక్కానికన్నా, వార్త నిజమే. 2025 జనవరిలో ఇండిచిప్ అనే సంస్థ జపాను భాగస్వామితో కలిసి ఓర్వకల్లు పారిశ్రామిక వాడలో 14 వేల కోట్ల పైచిలుకు పెట్టుబడితో సెమీకండక్టర్ ఫ్యాక్టరీ పెడతామని రాష్ట్రప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. కాకపోతే అక్కడ చేస్తామన్నది సిలికాన్ కార్బైడ్ చిప్పులు. కరెంటు బళ్ళలో, సోలార్ ఇన్వర్టర్లలో కరెంటుని మార్చే పని వాటిది. పత్తి ఆకులు చూసే పని వాటివల్ల కాదు. అదే బావకి చెప్తే, "అయితే మనకేం లాభం" అని పేపరు మడిచేశాడు.

అసలు ఈ పరిస్థితి ఎందుకొచ్చింది? కార్డు పోయినా తెర పోనక్కర్లేదు కదా, ప్రాసెసర్లో బొమ్మ చూపించే భాగం ఉంటుంది కదా అని మీరడగొచ్చు. ఇక్కడే ఎఫ్ అనే అక్షరం మహత్యం ఉంది. ఇంటెల్ వాడు 2019 నుంచి, లోపలి గ్రాఫిక్స్ పనిచెయ్యని ప్రాసెసర్లని చివర ఎఫ్ తగిలించి కాస్త చవగ్గా అమ్ముతున్నాడు. ఐ5 12400 అంటే గ్రాఫిక్స్ ఉన్నది, 12400ఎఫ్ అంటే లేనిది. ఏఎండీలో 3600, 5600 లాంటివాటికి ఎఫ్ లేకపోయినా లోపల గ్రాఫిక్స్ లేదు. 5600జీ కి ఉంది. 2022లో వచ్చిన 7000 వరస నుంచి దాదాపు అన్నింటిలో చిన్నదొకటి పెడుతున్నారు, మళ్ళీ ఎఫ్ ఉన్నవి తప్ప. మేనకోడలి కంప్యూటర్ సమకూర్చిన దుకాణంవాడు ఎఫ్ ది అంటగట్టాడు. మిగిలింది వెయ్యో రెండువేలో. నన్నడిగితే మనలాంటి ఊళ్ళలో, కార్డు పోతే మార్చుకోవడానికి ఇంకోటి చేతిలో లేనప్పుడు, ఎఫ్ కొనడం స్టెప్నీ టైరు అమ్ముకుని పెట్రోలు పోయించుకోవడమే. మీ ఇంట్లో కొత్తగా మిషను కొనిపిస్తుంటే ఈ ఒక్క అక్షరం చూడండి. చాలామందికి తాత్కాలిక కార్డు అవసరమే రాదు.

సరే, ఆగడం సంగతి. ఆగితే లాభమే అన్నది మనవాళ్ళలో పాతుకుపోయిన నమ్మకం, దానికి కారణం లేకపోలేదు. 2021 ఫిబ్రవరిలో 329 డాలర్లని ప్రకటించిన ఆర్టీఎక్స్ 3060 ఆ ధరకి దొరికితే ఒట్టు. ఒకపక్క కరోనా కొరత, ఇంకోపక్క ఈథర్ తవ్వేవాళ్ళు కార్డుల్ని బస్తాల్లెక్కన ఎత్తుకుపోయారు. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం తవ్వకం పద్ధతికి స్వస్తి చెప్పేసరికి, అప్పటిదాకా పళ్ళబిగువున ఆగినవాడు నవ్వుకున్నాడు. అది చూసి అందరం ఆగడం నేర్చుకున్నాం. 2025లో 50 వరస వచ్చినప్పుడూ అంతే. దానికి "సూపర్" పేరుతో ఎక్కువ మెమరీ ఉన్నవి వస్తాయని పుకార్లు పుట్టాయి, జనం ఆగారు. 2026 జనవరిలో లాస్‌వేగాస్ సీఈఎస్‌లో ఎన్విడియా కొత్త గేమింగ్ కార్డు ఒక్కటీ చూపించలేదు. ఈలోగా ఏఐ డేటాసెంటర్లకి మెమరీ చిప్పులన్నీ పోతుండటంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు చుక్కలనంటాయి. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్ అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నామని మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. కార్డు మీద ఉండేదీ మెమరీయే కదా. ఈసారి ఆగినవాడు నవ్వుకోలేదు.

దీన్నిబట్టి నాకర్థమైంది ఏంటంటే, ఎప్పుడు దిగుతుందో ఎప్పుడు పెరుగుతుందో మనకి తెలియదు. తెలియనప్పుడు చేతిలో ఉండాల్సింది ఓపిక, తెర నల్లగా ఉన్నవాడికి ఆ ఓపిక ఉండదు. ఏ రేటు చెప్పినా కొనేస్తాడు. తాత్కాలిక కార్డు వల్ల వచ్చే అసలు లాభం ఇదీ. ఫ్రేములూ, టెరాఫ్లాపులూ తర్వాత సంగతి. దుకాణం ముందు నుంచి "వద్దులే" అని వెనక్కి తిరిగిపోగలిగే ధైర్యం వస్తుంది.

(పిడకల వేట: తాత్కాలికం అంటే మా కర్నూలోళ్ళకి కొత్తగా చెప్పాలా? 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా ఆంధ్రరాష్ట్రానికి రాజధాని మాదే. డేరాల్లో ఆఫీసులు నడిపేవాళ్ళని మా తాతలు చెప్పేవాళ్ళు. డేరాలు ఎత్తేశారు, మేమింకా ఆ మాట ఎత్తుతూనే ఉన్నాం. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు గురించి ముందే మాట్లాడుకోవాలని అందుకే అంటాను.)

ఇంక అద్దింటి ప్రశ్నలకొద్దాం. నీళ్ళొస్తాయా అంటే, చేతిలో ఉన్న పని జరుగుతుందా అని. ఇక్కడ "పని" అంటే అప్‌గ్రేడ్ వచ్చేలోగా తప్పక జరగాల్సిన పని. తర్వాత ఎప్పుడో ఆడదామనుకున్న ఆట కాదు, నేర్చుకుందామనుకున్న పెద్ద మోడళ్ళు కావు. మా పిల్లకి కావలసింది తెర వెలగడం, పైటార్చ్‌లో ఒక మోస్తరు ఇమేజి మోడల్‌ని ఆరేడు వేల ఫొటోల మీద శిక్షణ ఇవ్వడం. దీనికి పదారు జీబీ అక్కర్లేదు. నాలుగైనా ఈడ్చుకురావచ్చు, ఆరుంటే హాయి.

తెర వెలగడం ఒక్కటే కావాలంటే అసలు కొనక్కర్లేదు, ఎరువు తెచ్చుకోండి. నేను హైదరాబాదు, బెంగుళూరు మిత్రుల వాట్సాప్ గుంపులో అడిగితే గంటలో ముగ్గురు చేతులెత్తారు. ఒకడి అటక మీద జీటీ 710, ఇంకొకడి దగ్గర జీటీ 730. 2014 నాటి సరుకు. 710కి 2024 సెప్టెంబరుతో భద్రతా మరమ్మతులు కూడా ఆగిపోయాయి, కానీ ఎక్సెల్, బ్రౌజరు, కోడు రాసుకోవడానికి ఢోకా లేదు. ఒక జాగ్రత్త, మరీ పాత కార్డుల్లో యూఈఎఫ్ఐ లేకపోతే ఇప్పటి మదర్‌బోర్డుల్లో కొన్ని వాటిని గుర్తుపట్టవు. ఒక 710 మా వాళ్ళింట్లో పది రోజులు పనిచేసింది. శిక్షణ మాత్రం గూగుల్ కొలాబ్‌లో ఉచితంగా దొరికే మిషను మీద నడిపింది. అక్కడ మామూలుగా 16 జీబీల టీ4 ఇస్తారు, ఊరికే ఇచ్చినదానికి అది గొప్పే. ఊరికే ఇస్తున్నాం కాబట్టి హామీ ఇవ్వలేమని వాళ్ళే రాసుకున్నారు కూడా. ఫొటోలన్నీ పైకి ఎక్కించాలి, మధ్యలో నెట్టు పోతుంది, సెషన్ తెగుతుంది, మళ్ళీ మొదటికి. మీ ఊళ్ళో లైను బాగుంటే, పని నెలరోజుల్లో తేలిపోయేదైతే, ఎరువు కార్డూ కొలాబూ కలిపి వాడుకోండి, అంతకి మించిన తాత్కాలికం లేదు. మా పిల్ల పని ఏడాదిది, లైను సంగతి పైన చెప్పాను.

కొనాలి అనుకున్నాక చూడాల్సింది కార్డు పుట్టిన సంవత్సరం. మనవాళ్ళు జీబీలు చూస్తారు, సంవత్సరం చూడరు. పాత బజారులో జీటీఎక్స్ 1060 ఆరు జీబీది చవగ్గా వస్తుంది, చూడ్డానికి బంగారం. కానీ 2025 ఆగస్టులో వచ్చిన కూడా 13 నుంచి మాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా తరాల్ని తీసేశారు. 1030, 1050 టీఐ, 1060, 1070, 1080 అన్నీ ఆ పాస్కల్ కుటుంబమే. 2025 అక్టోబరుతో వాటికి ఆటల కోసం కొత్త డ్రైవర్లూ ఆగాయి. 2028 అక్టోబరు దాకా భద్రతా మరమ్మతులు మాత్రం ఇస్తామన్నారు. కూడా 12 పెట్టుకుని ఇవాళ నడిపించుకోవచ్చు, కాదనను. అద్దింటి లెక్కలో మాత్రం ఇది కూల్చబోతున్న బిల్డింగు. మీరు ఖాళీ చేసేసరికి దాన్ని కొనేవాడు ఉండడు. 2018 సెప్టెంబరులో మొదలైన ట్యూరింగ్ తరం, అంటే 16, 20 వరసలు, ఇంకా జాబితాలో ఉన్నాయి. గీత అక్కడ గీసుకోండి.

ఇంకో ఉచ్చు జీటీ 1030. దీంట్లో ఒకే పేరుతో రెండు ఉన్నాయి. 2017లో వచ్చినదానికి జీడీడీఆర్5 మెమరీ, సెకనుకి 48 జీబీల వేగం. 2018లో చడీచప్పుడు లేకుండా వచ్చినదానికి డీడీఆర్4, వేగం 16.8. డబ్బా మీద పేరు ఒకటే. ఇట్లాంటి పని మన సంతలో పశువుల బ్రోకర్లు కూడా చెయ్యరు.

ఆటలే ఆడతారు, శిక్షణ గొడవ లేదు అనుకుంటే ఏఎండీ చవక. దాంట్లోనూ చూసి కొనాలి. ఆర్ఎక్స్ 6400 యాభైమూడు వాట్లతో నడుస్తుంది, ముద్దొస్తుంది, కానీ దానికి నాలుగు లేన్లే. పీసీఐ 3.0 ఉన్న పాత బోర్డులో పెడితే నీరసపడుతుంది. వీడియో ఎన్‌కోడరు అసలే లేదు, తెర రికార్డు చేసుకునేవాళ్ళకి పనికిరాదు. ఇంటెల్ ఆర్క్ కార్డులకి మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ ఉండాలి, పాత మిషన్లలో ఉండదు. ఇక ఆర్ఎక్స్ 580 అంటూ వచ్చేవాటిలో 2048ఎస్పీ అనే తోకున్నది అసలు 580 కాదు, కొన్ని కోర్లు తగ్గించినది.

చివరికి నా ముందు మిగిలినవి మూడు. కొత్త ఆర్టీఎక్స్ 3050 ఆరు జీబీది, పాత 2060 ఆరు జీబీది, పాత 3060 పన్నెండు జీబీది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 3050 ఆరు జీబీది 70 వాట్లే, చాలావాటికి వేరే కరెంటు తీగ కూడా అక్కర్లేదు, కొత్తది కాబట్టి వారంటీ ఉంటుంది. దాని మెమరీ వేగం మాత్రం సెకనుకి 168 జీబీలు. 2019 జనవరి నాటి 2060ది 336, సరిగ్గా రెట్టింపు. మాకు చెప్పిన రేట్లు ఇవీ. 3050 కొత్తది పద్దెనిమిది వేలు, 2060 పాతది పదకొండు వేలు, 3060 పాతది ఇరవై వేలు. మీ ఊళ్ళో వేరేగా ఉండొచ్చు, తేడా చూడండి.

ఇప్పుడు అడ్వాన్సు లెక్క. పదకొండు వేల 2060ని ఏడాది వాడి ఎనిమిది వేలకి అమ్మితే పోయింది మూడు వేలు. నెలకి రెండొందల యాభై, కేబుల్ బిల్లంత. కొత్త 3050ని పద్దెనిమిది పెట్టి కొని ఏడాదికి పన్నెండుకి అమ్మితే ఆరువేలు, నెలకి ఐదొందలు. 3060 అయితే నెల అద్దె వీటికి మధ్యలో పడొచ్చు, కానీ అడ్వాన్సు ఇరవై వేలు, అది అసలు కార్డు కోసం అక్క దాచుకున్నదాంట్లోంచే తియ్యాలి. తాత్కాలికానికి పెట్టే డబ్బు అసలు దాని హుండీలోంచి తియ్యకూడదన్నది నా పట్టు. పోయినా ఏడవకుండా ఉండేంత డబ్బే పెట్టాలి. 2060 తీసుకున్నాం. పదకొండు వేలూ నేనే ఇచ్చాను, మేనమామని కదా. అమ్మినప్పుడు వచ్చింది పిల్లదే అని చెప్పాను, ఆ మాటతో కార్డు మీద దుమ్ము తుడవడం కూడా మొదలుపెట్టింది :)

మూడో ప్రశ్న ఉంది, ఆఫీసు ఎంత దూరం అని. అంటే కార్డు మన ఇంటికి సరిపోతుందా అని. సమీక్షలు రాసేవాళ్ళు ఏసీ గదుల్లో ఇరవై, ఇరవయ్యైదు డిగ్రీల్లో పరీక్షిస్తారు. ఓర్వకల్లులో ఏప్రిల్, మే నెలల్లో బయట నలభై దాటుతుంది, మిద్దె కింద గదిలో రాత్రి పదింటికి కూడా గోడలు పొయ్యిలాగే ఉంటాయి. గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే కార్డు వేడి కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలూ పెరుగుతుంది. సమీక్షలో డెబ్భై అని రాసింది ఇక్కడికొచ్చేసరికి ఎనభై ఐదు, ఆపైన అదే వేగం తగ్గించుకుంటుంది. అందుకని 2060ని 160 వాట్ల నుంచి 130కి కట్టేశాను. ఎన్విడియా డ్రైవరుతోపాటు వచ్చే ఎస్ఎంఐ అనే కమాండుతో ఒక్క లైను పని. వేగం కొద్దిగానే తగ్గింది, ఫ్యాను రొద సగమైంది.

వాట్లు తగ్గించడానికి ఇంకో కారణం యూపీఎస్. మా ఓర్వకల్లు మండలం శకునాల, దాని పక్క గని గ్రామాల్లో 2017లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పూర్తయింది, అప్పటికి ఒకేచోట అంత పెద్దది ప్రపంచంలోనే లేదన్నారు. అయినా సాయంత్రం ఏడింటికి మా వీధిలో లైటు ఒకసారి కన్ను కొట్టక మానదు. ఇళ్ళలో ఉండేది 600 వీఏ యూపీఎస్. 600 అని చూసి మురిసిపోకండి, చాలావాటిలో అది 360 వాట్లే. ప్రాసెసరు, కార్డు, మానిటరు, మిగతావి కలిపి శిక్షణ నడిచేటప్పుడు మూడొందల లోపు ఉండాలి. 130కి కట్టేసిన 2060తో ఉంటుంది. అదే రెండొందల వాట్ల పైన తాగే కార్డు పెట్టి ఉంటే కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ కుయ్ మని మొత్తం ఆపేసేది. అప్పుడు యూపీఎస్ మార్చాలి, దానికింకో ఐదారు వేలు. కార్డు ధర చూసేటప్పుడు ఇవి ఎవరూ కలపరు. ఇక దుమ్ము. బేతంచెర్ల బండల నేల మీద క్యాబినెట్ పెడితే చిమ్మిన ప్రతిసారీ దుమ్మంతా దాని కడుపులోకే. జానెడు ఎత్తు స్టూలు వేయించండి, అది నూట యాభై రూపాయల కూలింగు.

పాతది కొనేటప్పుడు అందరూ అడిగేది "మైనింగులో వాడారా" అని. అమ్మేవాడు అవునంటాడా? తవ్వకంలో వాడటం ఒక్కటే కార్డుని చంపదు. చంపేది అరిగిన ఫ్యాన్లు, ఎండిపోయిన పేస్టు, ప్యాడ్లు. కాబట్టి చరిత్ర అడగడం మాని కార్డుని పని చేయించి చూడండి. జీపీయూ-జడ్ పెట్టి చిప్పు పేరూ, కోర్ల సంఖ్యా సరిపోయాయా చూడాలి. జీటీఎస్ 450 లాంటి ముసలి కార్డులకి బయోస్ మార్చి 1050 టీఐ అని అమ్మే ఘనులున్నారు. ఫర్‌మార్క్ ఓ ఇరవై నిమిషాలు తిప్పాలి, వేడి ఎక్కడ ఆగుతుందో, తెర మీద చుక్కలు వస్తాయేమో చూడాలి. వీలైతే అసలు బిల్లు తీసుకోవాలి. కొన్ని కంపెనీలు సీరియల్ నంబరు చూసి వారంటీ ఇస్తాయి, కొన్ని బిల్లు లేకపోతే మాట్లాడవు. మేం సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్లో కొన్నాం, కొట్టులోనే మిషను పెట్టించుకుని చూశాం. అమ్మేవాడు మొహం చిట్లించాడు, చిట్లించనీండి. ఓర్వకల్లు నుంచి రెండొందల పైచిలుకు కిలోమీటర్లు, పనిచెయ్యకపోతే మళ్ళీ వెళ్ళే బస్సు చార్జీలు వాడివ్వడు. ఆన్‌లైన్లో ముక్కూమొహం తెలియనివాడికి ముందే డబ్బు పంపి పాత కార్డు తెప్పించుకోవడం మాత్రం, ఎంత చవకైనా, మన దూరాలకి వద్దు.

ఇవన్నీ రాస్తుంటే ఒక మాట గుర్తొచ్చింది. మనలో చాలామంది ఇళ్ళలో అటకల మీద పాత కార్డులు ఊరికే పడున్నాయి. ఓఎల్ఎక్స్‌లో పెడితే వెయ్యి రూపాయలు కూడా రాదని పెట్టం, పారెయ్యడానికి మనసొప్పదు. మా వాట్సాప్ గుంపులో తేలిన మూడు కార్డుల్లో ఒకటి మాకు సరిపోయింది. మిగతా రెండింటినీ నేను అడిగి తెచ్చుకున్నాను. ఒకటి నన్నూరులో ఒక కుర్రాడి దగ్గరుంది, అతనిదీ ఎఫ్ ప్రాసెసరే. కొత్తది కొనుక్కోగానే ఇంకొకరికి ఇవ్వాలన్నది షరతు. రెండోది నా సంచీలో ఉంది, కర్నూలు, నంద్యాల వైపు ఎవరికైనా కావాలంటే కింద వ్యాఖ్యలో రాయండి, బస్సులో పంపుతాను. మీ అటకల మీదవి మీ ఊళ్ళకి పంపండి.

అద్దింట్లో ఎన్నాళ్ళుంటామో కూడా ముందే రాసుకోవాలి, లేకపోతే అదే సొంతిల్లవుతుంది. మేం రాసుకున్నది ఇదీ. పిల్ల ప్రాజెక్టు అప్పజెప్పేదాకా 2060యే. ఆలోగా పదారు జీబీ కార్డు ఏదైనా అక్క హుండీలో ఉన్నదానికి లోను లేకుండా అందితే ఆరోజే తీసుకుంటాం. అందకపోతే, ప్రాజెక్టు అయ్యాక అసలు ఆ పెద్ద కార్డు కావాలో వద్దో పిల్లనే అడుగుతాం, ఎందుకంటే ఉద్యోగం వచ్చాక కంపెనీ ల్యాప్‌టాప్ ఇస్తుంది, ఈ మిషను మీద మా బావ క్రికెట్ చూసుకుంటాడు. క్రికెట్‌కైతే 710 చాలు.

అక్క సంఘంలో లోను మాత్రం తీసుకుంది, గేదెకి.